సీరం ఇవ్వని రక్షణ

అందరికీ నమస్కారం. రోగనిరోధక శక్తి అనగానే మనకు యాంటీబాడీలే గుర్తొస్తాయి. కోవిడ్ రోజుల్లో యాంటీబాడీ టెస్టు చేయించుకుని, అంకె తక్కువొచ్చిందని టెన్షన్ పడ్డవాళ్లు ఈ హాల్లోనూ ఉండే ఉంటారు. ఇవాళ యాంటీబాడీల వల్ల కాని పని గురించి చెబుతాను.

లిస్టీరియా అనే బాక్టీరియా ఉంది. తిండి ద్వారా సోకుతుంది, గర్భిణులకు మరీ ప్రమాదం. దక్షిణాఫ్రికాలో 2017-18లో ఒక రకం మాంసం తిని వెయ్యి మందికి పైగా దీని బారిన పడ్డారు, 200 మందికి పైగా చనిపోయారు.

1960ల మొదట్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో జార్జ్ మెకానెస్ అనే శాస్త్రవేత్త దీన్ని చిట్టెలుకలకు ఇంజెక్షన్‌గా ఇచ్చాడు, చావనంత తక్కువ మోతాదులో. కోలుకున్న ఎలుకలు ఆ తర్వాత ప్రాణం తీసేంత మోతాదునూ తట్టుకున్నాయి. వాటి సీరం, అంటే రక్తంలో యాంటీబాడీలుండే ద్రవభాగం తీసి కొత్త ఎలుకలకు ఎక్కిస్తే ఏ రక్షణా రాలేదు. ప్లీహంలోని రోగనిరోధక కణాలు ఎక్కిస్తే వచ్చింది! నా దృష్టిలో ఇమ్యునాలజీలో ఇంత తేటగా జవాబిచ్చిన ప్రయోగాలు తక్కువ.

ఎందుకలా? మాక్రోఫేజ్ అనే రక్షక కణం లిస్టీరియాను మింగి ఒక సంచిలో బంధిస్తుంది. లిస్టీరియా ఆ సంచికి చిల్లు పొడిచి బయటపడి, కణం లోపలే పెరుగుతుంది. కణంలో ఉండే యాక్టిన్ అనే ప్రోటీన్‌తోనే తోక కట్టుకుని, దాని తోపుతో పక్క కణంలోకి నేరుగా దూరిపోతుంది. వీధిలో గస్తీ తిరిగే పోలీసుకు, గోడలు దూకుతూ ఇంట్లోంచి ఇంట్లోకి పోయే దొంగ ఎలా దొరుకుతాడు? యాంటీబాడీల పరిస్థితి అదే.

మరి పట్టేదెవరు? మొదటి గంటల్లో న్యూట్రోఫిల్‌లు అనే తెల్ల రక్తకణాలు వస్తాయి. సహజ హంతక కణాలు గామా ఇంటర్‌ఫెరాన్ అనే సంకేత ప్రోటీన్‌ను విడుదల చేస్తాయి, దాంతో మాక్రోఫేజ్‌లకు చంపే సత్తా వస్తుంది. ఆ ఇంటర్‌ఫెరాన్‌ను అందుకోలేకుండా జన్యువు తీసేసిన ఎలుకలు కొద్దిపాటి మోతాదుకే చచ్చిపోతాయి. ఇక టి కణాలు అనే మరో రకం తెల్ల రక్తకణాలు పుట్టుకతోనే లేని ఎలుకలు రోగాన్ని కొంతకాలం అదుపులో పెడతాయి కానీ పూర్తిగా వదిలించుకోలేవు. సోకిన కణాలను వెతికి చంపి పని ముగించేది టి కణాలే.

ఇందులో ఒక వింత ఉంది. రెచ్చిన మాక్రోఫేజ్ లిస్టీరియాతో పాటు సంబంధం లేని బాక్టీరియాలను కూడా చంపుతుంది. దాన్ని రెచ్చగొట్టే టి కణం మాత్రం తనకు తెలిసిన శత్రువు కనిపిస్తేనే కదులుతుంది.

ఎలుకలో చూసిందంతా మనిషికి అతికించకండి. నోటి ద్వారా ఇస్తే ఎలుకకు ఈ రోగం అంత తేలిగ్గా సోకదు. పేగు కణాల మీద లిస్టీరియా పట్టుకునే ప్రోటీన్‌లో, కీలకమైన చోట, మనకూ ఎలుకకూ ఒక్క అమైనో ఆమ్లం తేడా ఉంది, అదీ కారణం.

టీకా తయారీకి ఇదంతా పనికొచ్చింది. చంపిన లిస్టీరియాను ఎక్కిస్తే ఎలుకకు నిలిచే రక్షణ రాదు, ఎందుకంటే సంచిలోంచి కణం లోపలికి తప్పించుకోవడం దానికి చేతకాదు, టి కణాలకు సరైన శిక్షణ దొరకదు. అందుకే పరిశోధకులు దాన్ని బతికే ఉంచి, పక్క కణాలకు పాకకుండా తోక కట్టే జన్యువును తీసేశారు. అలాంటి లిస్టీరియాను క్యాన్సర్ టీకాల ప్రయోగాల్లో మనుషులకు కూడా ఇచ్చి చూశారు.