1/35 సిట్రోయెన్ 11సీవీ స్టాఫ్ కారు: అద్దాలు మసకబారకుండా అతికించడం

నమస్తే అండి. ఈరోజు టామియా కంపెనీ ప్లాస్టిక్ మోడల్ కిట్, సిట్రోయెన్ 11సీవీ కారు కడదాం. 1/35 అంటే అసలు కారులో ముప్పై అయిదో వంతు సైజు. ఇదిగో బాక్సు, ఇవి స్ప్రూలు, అంటే ముక్కలు అంటుకుని ఉండే ప్లాస్టిక్ చట్రాలు. అసలు కారు 1934లో ఫ్రాన్స్‌లో వచ్చింది. ఫ్రంట్ వీల్ డ్రైవ్, విడిగా ఛాసిస్ లేని బాడీ. అందుకే ఇంత కిందికి ఉంటుంది, చూడండి, ఫుట్‌బోర్డు కూడా లేదు. 1940లో ఫ్రాన్స్ ఓడిపోయాక జర్మన్ అధికారులు వీటిని స్టాఫ్ కార్లుగా వాడుకున్నారు. 1944 ఆగస్టులో పారిస్ జర్మన్ల మీద తిరగబడినప్పుడు ఇలాంటి కార్లలోనే ఫ్రెంచ్ ప్రతిఘటన దళాల వాళ్లు వీధుల్లో తిరిగారు. నేను ఆ పారిస్ కారే చేస్తున్నాను.

కింది భాగం, సస్పెన్షన్, చక్రాలు... ఇవి సూచనల షీట్ చూసి కట్టేయండి. ఇలా, ఇలా, అయిపోయింది. ముక్కల్ని స్ప్రూ నుంచి సైడ్ కట్టర్‌తో కోశాక ఆ మిగులు గరుకు కాగితంతో సాండ్ చేసుకోండి. సీట్లు, స్టీరింగ్, డాష్‌బోర్డు మాత్రం పైకప్పు మూయకముందే రంగు వేయాలి. మూశాక బ్రష్ లోపలికి పోదు.

ఇప్పుడు అసలు విషయం. అద్దాలు. యుద్ధ ట్యాంకు మోడల్ కట్టేవాళ్లకి ఈ టెన్షన్ ఉండదు. కారుకి అద్దమే ముఖం. అద్దం మసకబారితే మిగతా పని ఎంత బాగా చేసినా కంటికి ఆనదు. సూపర్ గ్లూ వాడొద్దు. మళ్లీ చెప్తున్నాను, సూపర్ గ్లూ వద్దు. ఆరేటప్పుడు దాని ఆవిరి అద్దం మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. కిట్‌కి వాడే పల్చటి సిమెంట్, అంటే మోడల్ జిగురు, అయితే అద్దం ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది.

మరి ఏం వాడాలి? ఫెవికాల్. మన ఇంట్లో ఉండే తెల్ల ఫెవికాల్. టూత్‌పిక్ కొసకి ఇంత తీసుకుని, దగ్గరగా చూపిస్తాను, ఇదిగో, ఫ్రేమ్ లోపలి అంచు మీద చుక్కలు చుక్కలుగా. అద్దాన్ని అంచులు పట్టుకునే ఎత్తండి, వేలిముద్ర పడకూడదు. పెట్టాక నిదానంగా సర్దుకోవచ్చు, వెంటనే పట్టేయదు. బయటికి వచ్చిందా? తడి ఇయర్‌బడ్‌తో తుడిచేయండి. తెల్లగా ఉన్నది ఆరేకొద్దీ పారదర్శకంగా అయిపోతుంది. రాత్రంతా వదిలేయండి.

ఇంకొకటి, మెరుపు తగ్గించే మాట్ వార్నిష్ స్ప్రే అద్దం మీద పడిందంటే అది గరుకు గాజే. అందుకే నేను బాడీకి రంగు, వార్నిష్ అన్నీ ముగించి, ఆఖర్నే అద్దాలు పెడతాను. ముందే పెట్టాల్సి వస్తే టామియా మాస్కింగ్ టేపు వేయండి. 6 మిల్లీమీటర్లది నాకు బాగా ఇష్టం, ఒంపుల దగ్గర కొత్త బ్లేడుతో కోస్తే చక్కగా కూర్చుంటుంది. స్టేషనరీ షాపు టేపు వద్దు, జిగురు వదిలేస్తుంది.

రంగు నాది టామియా ఎక్స్-18, సెమీ గ్లాస్ బ్లాక్, అంటే కొంచెం మెరిసే నలుపు. పౌరుల కారు కదా, నలుపే నప్పుతుంది. జర్మన్ కారు చేసేవాళ్లు ఎక్స్‌ఎఫ్-63, జర్మన్ గ్రే వేసుకోండి.

తలుపు మీద ఎఫ్‌ఎఫ్‌ఐ అక్షరాలు (ఆ ఫ్రెంచ్ ప్రతిఘటన దళాల పొట్టి పేరు), వాళ్ల గుర్తయిన రెండు అడ్డగీతల లొరైన్ శిలువ డికాల్స్‌తో, అంటే కిట్‌లో వచ్చే అతికించే బొమ్మలతో కాకుండా, చేత్తో రాస్తున్నాను. అప్పట్లో ప్రతిఘటన వాళ్లూ తెల్ల రంగు, బ్రష్ తీసుకుని ఆదరాబాదరాగా రాసినవే కదా. అక్షరం ఎత్తులో తేడా వచ్చినా, గీత చివర రంగు పల్చబడినా దిద్దకండి. సన్న బ్రష్, పల్చటి తెలుపు, ఒకే గీతలో లాగేయండి. ఇదిగో ఇలా... మొదటి ఎఫ్. ఇది ఆరాక రెండో తలుపు.