మార్కుల కార్డు ఇంటికెళ్లాక చూసుకోవచ్చు

(మండల గ్రంథాలయంలో తల్లిదండ్రుల కోసం ఏర్పాటు చేసిన సభలో ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో కూర్చున్న అమ్మలకీ, వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ నాన్నలకీ. బడిలో పేరెంట్స్ మీటింగ్ రోజున కూడా మగవాళ్లు ఇలాగే గుమ్మం దగ్గర నిలబడిపోతారు. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి బాబూ, కూర్చోండి.

ఈమధ్య పేరెంట్స్ మీటింగంటే బళ్లలో మంచి సందడిగా ఉంటోంది. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు మెగా పీటీఎం పెట్టారు. ముఖ్యమంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూలుకి వెళ్లారు. 2025 జులైలో మళ్లీ జరిపారు. తల్లులకి ముగ్గుల పోటీ, తండ్రులకి తాడు లాగుడు, అందరికీ భోజనాలు. నాకు అభ్యంతరం లేదు. బడి గడప తొక్కని నాన్నలు ఆ వంకతోనైనా లోపలికి వచ్చారు. కాకపోతే తాడు లాగి, భోంచేసి, ఫొటో దిగి ఇంటికొచ్చాక, పిల్లాడి చదువు సంగతేమిటని అడిగితే ‘బాగానే ఉందన్నారు’ అంటారు. నా పేచీ అక్కడ.

టీచరు మీతో మాట్లాడటం మీమీద దయతో చేసే పని కాదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 24వ సెక్షన్ టీచరు చేయాల్సిన పనుల్ని చెబుతుంది. తల్లిదండ్రుల్ని క్రమం తప్పకుండా కలవాలి, పిల్లల హాజరు ఎలా ఉందో, నేర్చుకునే శక్తి ఎలా ఉందో, ఎంతవరకు నేర్చుకున్నారో చెప్పాలి. ర్యాంకు ఊసు అందులో లేదు. ఊసంతా మనమే తెచ్చుకున్నాం.

లెక్కల మాస్టార్ని కాబట్టి ఒక చిన్న లెక్క. తరగతిలో నలభై మంది, మీటింగు రెండు గంటలు. తలకి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ ఇలా గడుస్తాయి.

‘మావాడు ఎలా చదువుతున్నాడండీ?’

‘తెలివైనవాడేనండీ, ధ్యాసే ఉండదు.’

‘ఇంట్లోనూ అంతేనండీ, ఎప్పుడు చూసినా ఫోనే.’

‘కాస్త దగ్గర కూర్చోబెట్టి చదివించండి.’

‘మీరే కాస్త గట్టిగా చెప్పండి సార్.’

సంతకం. తర్వాతివాళ్లు రండి. ఇందులో మీకు తెలియనిది టీచరు ఒక్కటీ చెప్పలేదు, టీచరుకి తెలియనిది మీరూ చెప్పలేదు. మార్కులైతే కార్డులో అచ్చయి ఉన్నాయి, ఇంట్లో తీరిగ్గా చూసుకోవచ్చు. కార్డులో లేనిదాని కోసమే వెళ్లాలి మనం.

మరి కార్డులో లేనిది ఎక్కడుంటుంది? పిల్లాడి నోటుపుస్తకంలో ఉంటుంది. ఆరో తరగతి పిల్లవాడనుకోండి. 503లోంచి 267 తీసేయమంటే 364 అని వేశాడు. పక్కన ఎర్ర సిరాతో ఇంటూ మార్కు. అమ్మకి కనిపించేది ఆ ఇంటూనే, ‘అజాగ్రత్త వెధవ’ అంటుంది. కాస్త ఆగి చూడండి. ఒకట్ల స్థానంలో 3లోంచి 7 పోదు కదా, వీడు 7లోంచి 3 తీసి 4 వేశాడు. పదుల్లో సున్నాలోంచి 6 పోదు, 6లోంచి సున్నా తీసి 6 వేశాడు. వందల్లో 5లోంచి 2 పోతే 3. ఎక్కడా అజాగ్రత్త లేదు, పద్ధతి ప్రకారమే చేశాడు. పద్ధతే తప్పు. పై అంకె చిన్నదైతే కింది అంకెలోంచి దాన్ని తీసెయ్యాలని రెండో తరగతిలో ఎప్పుడో అనుకున్నాడు, ఎవరూ ఆపి అడగలేదు. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం, అందులోనూ మధ్యలో సున్నా ఉన్నప్పుడు వందల దగ్గరికి పోయి తేవడం వీడికి రాదు. ఇది తెలియక ఆరో తరగతి భాగహారాలూ దశాంశాలూ ఎన్ని చేయించినా ప్రతి లెక్కా చివర్లో విరిగిపోతూనే ఉంటుంది, వాడికి లెక్కలు రావని ఇంటిల్లిపాదీ తీర్మానించేస్తారు. ట్యూషన్ పెట్టిస్తారు. ట్యూషన్లోనూ ఆరో తరగతి లెక్కలే చేయిస్తారు.

ఆ పేజీ తీసి టీచరు ముందు పెట్టి ‘వీడు దీన్నెలా చేస్తున్నాడో ఒకసారి చూడండి మాస్టారూ’ అనండి. ఒక్క నిమిషం చాలు. మూడు నిమిషాల్లో నిమిషమంటే మూడో వంతు, ఖర్చు పెట్టదగిన చోటే పెట్టినట్టు. తెలుగైనా ఇంగ్లీషైనా ఇంతే. ఒక పేరా చదివించండి అక్కడికక్కడ. ఒత్తుల దగ్గర ఆగుతున్నాడా, కొత్త మాట రాగానే మొదటి అక్షరం చూసి ఊహించేస్తున్నాడా, అక్కడే తెలుస్తుంది.

ఎఫ్‌ఏ (ఏడాది మధ్యమధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్ష), ఎస్‌ఏ (టర్ము చివర పెట్టే సమ్మేటివ్ పరీక్ష) మార్కుల గురించి ఒక మాట. రెండూ విడివిడిగా చూడకండి, పక్కపక్కన పెట్టి చూడండి. ఎఫ్‌ఏలో నోటుపుస్తకాలకీ ప్రాజెక్టుకీ కూడా మార్కులుంటాయి. ఎస్‌ఏ అంటే హాల్లో కూర్చుని సొంతంగా రాసేది. ఎఫ్‌ఏల్లో నిండుగా మార్కులొచ్చి ఎస్‌ఏలో సగం కూడా రాలేదంటే, చూసి రాయడం బాగా వచ్చింది, సొంతంగా రాయడం రాలేదని అర్థం. ప్రాజెక్టు జిరాక్స్ షాపువాడు చేసిపెట్టి ఉండొచ్చు (అన్నీ కట్ చేసి అంటించి, పైన మెరుపు కాగితం కూడా చుట్టి ఇస్తున్నాడు, మహానుభావుడు). ‘ఈ తేడా ఎందుకొచ్చిందండీ’ అని అడగండి. టీచరు కూడా ఒక్క క్షణం ఆలోచనలో పడే ప్రశ్న అది.

‘మాకు అక్షరాలు రావు, మేమేం చూస్తాం’ అంటారు కొందరు. నోటుపుస్తకంలో చివరి తేదీ ఎప్పటిదో పిల్లనే చదవమనండి. టీచరు దిద్దిన చోట కింద మళ్లీ రాసిందో లేదో చదువు రాకపోయినా కనిపిస్తుంది. ఇంగ్లీషు మీడియం కదా, మాకేం తెలుస్తుందనే తెలుగు చదువరులకి ఇంకో సంగతి. ప్రభుత్వ బళ్లలో ఇస్తున్న పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో ఉంటే పక్క పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటోంది. తెలుగు పేజీ మీరు చదివి, మీ అమ్మాయి చేత ఆ పాఠం తెలుగులో చెప్పించుకోండి. చెప్పలేకపోతే చిక్కు ఇంగ్లీషులో ఉందో పాఠంలో ఉందో టీచరుకి చెప్పగలిగేది మీరే.

ఇక రెండో సగం, అంటే మనం చెప్పాల్సింది. ఇక్కడే చాలామంది గుంభనంగా ఉంటారు. ఇంటి గుట్టు అన్నీ విప్పనక్కర్లేదు. కానీ పిల్ల టీవీకి బాగా దగ్గరగా జరిగి చూస్తోందంటే అది చెప్పాలి. బోర్డు కనిపించక పక్కదాని పుస్తకంలో చూసి రాసుకుంటున్న పిల్లని కాపీ కొడుతోందని తిట్టడం నేను చూశాను, కళ్లజోడు వచ్చాక ఆ తిట్లు ఆగిపోయాయి. నాన్న గల్ఫ్‌లో ఉన్నాడు, అమ్మ పొద్దున్నే మిరపకాయల కోతకి పోతుంది, చిన్న తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దించి బడికి రావాలి. ఇది తెలిస్తే రోజూ ప్రార్థన అయ్యాక వచ్చే పిల్లని టీచరు ఎండలో నిలబెట్టరు. పెద్దమనిషి అయ్యాక నెలకి మూడు రోజులు బడి మానేస్తున్న పిల్ల సంగతి మాస్టారికి చెప్పలేకపోతే మేడమ్‌కి చెప్పండి. మరుగుదొడ్డికి తలుపు గడియ సరిగా లేకపోవడమే కారణం కావొచ్చు, హాజరు పట్టీలో అది ‘ఆబ్సెంట్’గానే ఉంటుంది. ఇంట్లో లంబాడీయో కోయో ఉర్దూనో మాట్లాడతారంటే, అదీ చెప్పండి. మొదటి తరగతి టీచరుకి అంతకన్నా పనికొచ్చే కబురు ఇంకోటి లేదు.

‘నాలుగు తగిలించండి సార్, మేమేమీ అనుకోం’ అనే నాన్నలు ఇక్కడ కూడా ఉన్నారని తెలుసు. అదే చట్టంలో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించేలా వేధించడాన్నీ నిషేధించింది. మీరు అనుమతిస్తే చెల్లేది కాదు. పైగా ఆ మాట అన్నప్పుడు పిల్లాడు మీ పక్కనే ఉంటాడు. ఇంటా బడిలోనూ తన తరఫున మనిషి లేడని వాడికి ఆ ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది. పిల్లల్ని మీటింగుకి తీసుకురావాలనే నేనంటాను, కాకపోతే బోనులో ముద్దాయిలా నిలబెట్టడానికి కాదు. ‘నీకేది కష్టంగా ఉందో సార్‌కి చెప్పు’ అని ముందు వాడికే మాట అందించండి. ఎదురింటి పిల్లాడి మార్కులు మాత్రం ఆ పూటకి తలచుకోకండి.

ప్రైవేటు బళ్ల వాళ్లకి ఒక సూచన. ఫీజు బకాయి, బస్సు ఆలస్యం, యూనిఫాం ధర, ఇవన్నీ న్యాయమైన గొడవలే, ఆఫీసులో పడండి. క్లాస్ టీచరు చేతిలో అవేమీ లేవు. ఆ మూడు నిమిషాలూ అక్కడ పోగొట్టుకుంటే నష్టం మీదే.

కూలి పోతుందని రాలేనివాళ్లని నేనేమీ అనలేను. రోజు కూలి పోగొట్టుకుని రమ్మనే హక్కు నాకు లేదు. అవ్వనో తాతనో పంపండి, లేదా సాయంత్రం టీచరుకి ఫోన్ చేస్తామని పిల్లల చేత చెప్పించండి. చాలామంది టీచర్లు ఎత్తుతారు. ఎత్తనివాళ్లూ ఉన్నారు, మా వృత్తిలో అందరూ దేవుళ్లని చెప్పను.

లేచేముందు టీచర్ని ఒక్కటడగండి. ‘ఇంట్లో మేం చేయగలిగింది ఒక్కటి చెప్పండి, దసరా సెలవులకి ముందు మళ్లీ ఎప్పుడు చూపించమంటారు?’ ఒక్కటే అడగండి, పది చెబితే ఏదీ జరగదు. తీసివేతలు రాని పిల్లాడికి రోజూ రాత్రి అన్నాలయ్యాక రెండు లెక్కలు, మధ్యలో సున్నా ఉన్నవి. చెప్పిన తేదీన ఆ కాగితాలు పట్టుకుని వెళ్లండి. అడిగినవాళ్లు మళ్లీ వస్తారని తెలిస్తే టీచరూ గుర్తుపెట్టుకుంటారు, అది మానవ స్వభావం.

మీలో కొందరు పిల్లల నోటుపుస్తకాలు తెచ్చారని లైబ్రేరియన్ గారు చెప్పారు. ఆ బల్ల దగ్గరికి రండి, ఒక్కొక్కటీ చూద్దాం. లెక్కలవి ముందు.