రొట్టె మీద ఇంటి గుర్తు: గుహల ఊరు మాతెరా

[దగ్గరి షాట్: అరచేతిలో చెక్కతో చేసిన చిన్న కోడిపుంజు. తిప్పితే అడుగున రెండక్షరాలు.]

ఇదేంటో చెప్పుకోండి చూద్దాం. ఆటబొమ్మ కాదు, చదరంగం పావు అంతకన్నా కాదు. రొట్టె మీద వేసే ముద్ర. దక్షిణ ఇటలీలోని మాతెరాలో ఒకప్పుడు ఇళ్లల్లో ఇలాంటివి ఉండేవి. పిండి ఇంట్లోనే కలిపేవాళ్లు, కాల్చడం మాత్రం ఉమ్మడి పొయ్యిలో. అందరి రొట్టెలూ ఒకే పొయ్యిలోకి పోతే ఎవరిది ఏదో తెలియాలి కదా! అందుకని పచ్చి పిండి మీద ఇంటిపెద్ద పేరులోని అక్షరాలు ఒత్తేసేవాళ్లు. గొర్రెల కాపరులు మందను మేపుకుంటూ తీరిగ్గా చెక్కిన ముద్రలివి.

రోమ్, వెనిస్ వీడియోలు ఇప్పటికే బోలెడున్నాయి. మనం ఈ ముద్ర పుట్టిన ఊరికి పోదాం.

[డ్రోన్ షాట్: గ్రావినా లోయ, అంచున మెట్లుమెట్లుగా పేర్చినట్టున్న రాతి ఇళ్లు.]

లోయ అంచున ఉన్నది మెత్తటి సున్నపురాయి. దాన్ని తొలిచి గుహ చేసి, తవ్విన రాయితోనే ముందు గోడ కట్టారు. ఈ పాత పేటల్ని సాస్సి అంటారు, అంటే రాళ్లు. సాస్సో కవెయోసో ఒకటి, సాస్సో బరిసానో రెండోది. మధ్యలో గుట్ట మీద కేథడ్రల్. మీరు నడిచే వీధి కింద ఇంకెవరిదో ఇల్లు ఉంటుంది. అంటే వాళ్ల పైకప్పే మీకు దారి. బరిసానోలో హోటళ్లు, మెరుగులు ఎక్కువ. నన్నడిగితే ముందు కవెయోసోకి వెళ్లండి.

[లోపలి షాట్: వీకో సొలిటారియో సందులోని గుహ ఇల్లు. ఎత్తైన మంచం, గోడవారన బీరువా, వెనకాల గాడిద కట్టే చోటు.]

ఇప్పుడిది మ్యూజియం. ఉన్నది ఒకటే గది. మంచం ఎందుకంత ఎత్తుందంటే, దాని కింద కోళ్లు. వెనక మూల గాడిద. చలికాలంలో దాని ఒంటి వేడే హీటర్. పసిపిల్లల్ని బీరువా సొరుగులో పడుకోబెట్టేవారు. చూస్తుంటే ముచ్చటగా అనిపిస్తుంది కానీ, తొందరపడకండి. కరెంటు లేదు, డ్రైనేజీ లేదు, మలేరియా ఉంది, పసిబిడ్డల చావులూ ఎక్కువే. ఇటలీ నాయకులే ఈ ఊరిని దేశానికి సిగ్గుచేటు అన్నారు. ప్రధాని అల్చీడె దె గాస్పెరి 1950లో వచ్చి చూశారు. 1952లో చట్టం చేసి, సుమారు 15 వేల మందిని కొత్త కాలనీలకు తరలించారు.

గుహలు ఏళ్ల తరబడి పాడుబడ్డాయి. 1993లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. 2019లో మాతెరా యూరప్ సాంస్కృతిక రాజధాని! సిగ్గుపడ్డ గుహల్లోనే ఇప్పుడు ఖరీదైన హోటల్ గదులున్నాయి. ఇది చూసి సంతోషించాలో నవ్వాలో నాకైతే తెలియలేదు.

[షాట్: పలొంబారో లుంగో. నీటి మీద లైట్ల నీడ.]

విత్తోరియో వెనెతో కూడలి కింద పెద్ద నీటి తొట్టి ఉంది. పేరు పలొంబారో లుంగో. దాదాపు 50 లక్షల లీటర్ల వాన నీళ్లు పట్టేది. జనం మరిచిపోతే 1991లో మళ్లీ బయటపడింది. టికెట్ కొనుక్కుని కిందకు దిగండి.

[షాట్: బేకరీ. కత్తి దిగగానే కరకరమనే చప్పుడు.]

ఇక అసలు సంగతి. మాతెరా రొట్టె గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. కొమ్ములా వంపు తిరిగిన ఆకారం, మందపాటి పెచ్చు, లోపల పసుపుపచ్చ మెత్తదనం. చాలా రోజులు నిలవ ఉంటుంది. అందుకే వెనకటివాళ్లు పెద్ద రొట్టె ఒకేసారి కాల్పించుకునేవారు.

మరి ఎండిపోయాక? పారేయరు. నీళ్లతో తడిపి టమాటా, ఉల్లిపాయ, ఆలివ్ నూనె కలిపితే చియాలెద్దా. కోతలకు వెళ్లేవాళ్ల టిఫిన్ ఇది. వేడి చియాలెద్దా అడిగితే గుడ్డు వేస్తారు. శాకాహారులు ముందే చెప్పండి. క్రపియాతా అయితే పప్పుధాన్యాలు, గోధుమలు కలిపి ఉడికించిన పులుసు. ఆగస్టు 1న వాడలోని ప్రతి ఇంటి నుంచీ గుప్పెడు గింజలు తెచ్చి ఒకే కుండలో వండేవారు.

[షాట్: దండల్లా వేలాడదీసిన ఎర్రటి ఎండు మిరపకాయలు. నూనెలో పడగానే పొంగడం.]

వీటిని పెపెరోని క్రుస్కి అంటారు. మన ఊరమిరపకాయల్లాగే నూనెలో అలా వేసి ఇలా తీయాలి, లేకపోతే చేదే. కారం మాత్రం ఆశించకండి, తియ్యగా ఉంటాయి.

[షాట్: జులై 2, జనసంద్రం మధ్య రథం.]

జులై 2న వెళ్తే బ్రూనా మాత, అంటే మేరీమాత పండగ. కాగితపు గుజ్జుతో నెలల తరబడి రథం తయారుచేస్తారు. ఆ రాత్రే జనం మీద పడి ముక్కలు ముక్కలుగా పీకేస్తారు. ముక్క దక్కితే అదృష్టమని నమ్మకం. పిల్లలతో వెళ్తే కాస్త దూరంగా నిలబడండి.

[షాట్: చిన్న రైలు.]

బారీ దాకా విమానం, అక్కడి నుంచి చిన్న న్యారో గేజ్ రైలు. సాస్సిలో అన్నీ మెట్లే కాబట్టి చక్రాల సూట్‌కేసు వద్దు, భుజానికి తగిలించుకునే బ్యాగే నయం. అందులో తిరుగు ప్రయాణానికి కిలో రొట్టె పట్టేంత చోటు మిగుల్చుకోండి.