చనిపోయిందా, ఆగిపోయిందా?

అందరికీ నమస్కారం. జాతీయ విజ్ఞాన దినోత్సవానికి నన్ను పిలిచిన మీ అధ్యాపకులకు కృతజ్ఞతలు. ఉప్పల్ నుంచి తార్నాక వైపు బస్సులో వస్తూ మీలో చాలామంది సీసీఎంబీ అనే కణ పరిశోధన సంస్థ బోర్డు చూసే ఉంటారు. అలాంటి ల్యాబుల్లో కేన్సర్ మందును కణాల మీద ఎలా పరీక్షిస్తారో ఒకే ఒక్క మందును పట్టుకుని చెబుతాను. దాని పేరు మెథోట్రెక్సేట్.

దాని పుట్టుకలో మనవాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ల్యాబులో ఫోలిక్ ఆమ్లం మీద, దాన్ని పోలిన పదార్థాల మీద పని నడిపించారు. అందులోంచి వచ్చిందే అమినోప్టెరిన్. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సర్ ముదిరిన 16 మంది పిల్లలకు ఇస్తే, 10 మంది కొన్నాళ్లయినా తేరుకున్నారు. ఆ ఫలితాలు అచ్చయిన 1948లోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కు తోబుట్టువు.

కణం రెండుగా చీలాలంటే డీఎన్ఏకి నకలు తీయాలి. అందుకు థైమిడిన్ అనే ముడిసరుకు కావాలి, అది తయారవ్వాలంటే ఫోలేట్, అంటే ఫోలిక్ ఆమ్లం జాతి విటమిన్ కావాలి. ఎంజైములో ఫోలేట్ కూర్చోవలసిన పీట మీద ఈ మందు కూర్చుంటుంది, ఆ తయారీ ఆగిపోతుంది.

మేం వాడింది హీలా కణాలు. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే తల్లి గడ్డలోంచి, ఆమెను అడగకుండానే తీసుకున్నవి. మా ల్యాబులో చేరే ప్రతి విద్యార్థికీ ముందు ఆ పేరే చెబుతాను. ఆ కణాల్ని 96 గుంటల ప్లేటులో వేసి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో పెడతాం. కొన్ని గుంటల్లో మందు, కొన్నింటిలో మందు కరిగించిన ద్రవం మాత్రమే. ఈ రెండోది లేకపోతే ఆ ప్రయోగానికి విలువ లేదు.

72 గంటల తర్వాత ఎంటీటీ అనే పసుపు రంగు పోశాం. బతికున్న కణం ఆ పసుపు రంగును నేరేడుపండు రంగుగా మారుస్తుంది. నేను కొత్తలో ఈ పరీక్ష చేసినప్పుడు మందు పోసిన గుంటల్లో కూడా రంగు బాగానే వచ్చింది. మందు పనిచేయలేదని నోట్‌బుక్‌లో రాసేశాను. మా గైడుగారు అది చదివి, "మైక్రోస్కోపులో చూశావా అమ్మా?" అన్నారు. చూడలేదు.

మళ్లీ పెట్టి, ఈసారి రంగు పోయకముందే చూశాను. కణాలు కొన్నే ఉన్నాయి, కానీ ఒక్కొక్కటీ పెనం మీద పరిచిన అట్టులా వెడల్పయింది. చీలడం ఆగింది, పెరగడం ఆగలేదు. ఒళ్లు పెరిగిన కణంలో, ఆ రంగు మార్చడంలో పాలుపంచుకునే మైటోకాండ్రియా ఎక్కువ, అందుకే ఒక్కటే నాలుగింటి రంగు ఇస్తోంది. ఫోలేట్ తక్కువైన మనిషి ఎముక మజ్జలోనూ ఇదే జరుగుతుంది, రక్తకణాలు పెద్దవై, సంఖ్యలో తగ్గుతాయి. సర్కారు దవాఖానాలో గర్భిణులకు ఐరన్‌తో పాటు ఫోలిక్ మాత్ర ఇచ్చేది అందుకే. మందు ఈ మజ్జనీ వదలదు. కేన్సర్ కణం ఆగిందని సంబరపడే ముందు, మామూలు కణాన్ని ఎంత ఆపుతోందో కూడా చూసి తీరాలి.

అయినా, ఆపింది ఫోలేట్ దారినేనని ఎలా నమ్మాలి? మందు ఉన్న గుంటల్లోనే థైమిడిన్, డీఎన్ఏకి కావలసిన మరో ముడిసరుకు హైపోజాంథిన్ కలిపాం. మందు మూసింది ఫోలేట్ దారినే అయితే, ఆ సరుకులు చేతికందిన కణం మళ్లీ చీలాలి. తెర మీద ఉన్న రెండు ఫొటోలు చూడండి. ఎడమవైపు మందు ఒక్కటే. కుడివైపు మందు, దాంతో పాటు ఆ రెండూ. కుడివైపు అక్కడక్కడా గుండ్రంగా మెరుస్తున్నవి చీలుతున్న కణాలు. లెక్కపెట్టండి, ఆగుతాను.