పొగలో పోయిన నూనె

శ్రోతలకు నమస్కారం.

ఒకప్పుడు పలాస స్టేషన్లో దిగితే, కాశీబుగ్గ కనిపించేలోపే జీడిపిక్కలు కాల్చే పొగ ముక్కుకు తగిలేది. కళ్లు మండేవి. ఆరేసిన బట్టల మీద మసి పడేది. మా మేనత్త అక్కడ పిక్కలు కొట్టే పనికి వెళ్లేది. వేళ్లకు బూడిద రాసుకుని కూర్చున్నా సాయంత్రానికి చేతులు నల్లబడేవి, తోలు ఊడేది. ఆ చేత్తో కలిపితే అన్నం చేదవుతుందని చెంచాతో తినేది.

ఆ చేదంతా పిక్క తొక్కలో ఉండే జీడినూనెది. డ్రమ్ములో వేసి కాలిస్తే అదే మండి పొగవుతుంది. బ్రేకు లైనింగుల్లో, రంగుల్లో వాడతారు దాన్ని. అంటే ఊరి మీదికి వదిలిన ఆ పొగలో అమ్ముకోదగ్గ సరుకు ఉంది! ఈ సంగతి అప్పట్లో ఎవరికి పట్టింది?

పట్టించుకునేలా చేసింది కాలుష్య నియంత్రణ చట్టం. గాలి కాలుష్యం మీద 1981లోనే చట్టం వచ్చింది. జీడి పరిశ్రమకంటూ విడిగా పొగ ప్రమాణాలు 2010లో వచ్చాయి. నాకు తెలిసిన ఒక చిన్న బట్టీ యజమాని ఆ రోజుల గురించి ఇలా అన్నారు: "చిమ్నీ ఎత్తు పెంచమంటే అప్పు చేసైనా పెంచేవాణ్ణండి. పొగే తగ్గించమన్నారు. అక్కడే తల పట్టుకున్నాను."

చివరికి ఆయన డ్రమ్ము మానేసి బాయిలర్ పెట్టారు. పిక్కను ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, కటింగ్ మిషన్ మీద కోయించారు. మొదటి సీజన్ నష్టమే. ఉడుకు ఎక్కువైతే పప్పు రంగు మారింది, తక్కువైతే గుండు రాక బద్దలయింది. ఎన్ని నిమిషాలు ఉడకాలో చివరికి పట్టుకున్నది మిషన్ అమ్మినవాడు కాదు, బాయిలర్ దగ్గర నిలబడే కుర్రాడు. ఆవిరికి నూనె మండిపోదు కాబట్టి తొక్కలోనే మిగిలింది. ఇప్పుడు ఆ తొక్కలను నూనె తీసేవాళ్లు కొనుక్కుపోతున్నారు. అలాగని పొగ పూర్తిగా పోయిందనుకోకండి, బాయిలర్ కింద తొక్కలే మండిస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

కట్టుదిట్టమైన నిబంధన కొత్త పద్ధతికి దారి తీయగలదని మైకేల్ పోర్టర్ అనే అమెరికన్ ఆచార్యుడు 1991లో వాదించాడు. నిబంధన ఎంత శుభ్రత కావాలో చెప్పాలి, ఏ మిషన్ కొనాలో చెప్పకూడదన్నది ఆయన మాటల్లో ముఖ్యమైనది. పలాస యజమాని తల పట్టుకున్నదీ సరిగ్గా అక్కడే కదా!

అయితే పెద్ద ఫ్యాక్టరీకి ఈ వ్యవహారం చూడ్డానికి ఇంజనీరు ఉంటాడు. చిన్న బట్టీలో యజమానే ఇంజనీరు, గుమాస్తా, ఒక్కోసారి డ్రైవరు కూడా. అనుమతి కాగితాల కోసం ఆయన తిరిగే రోజులు బాయిలర్ దగ్గర గడపాల్సిన రోజులే. సరుకులో లోపం, పర్యావరణానికి హాని లేకుండా తయారుచేసే సంస్థలకు సర్టిఫికేట్ ఇచ్చే జెడ్ పథకంలో, సూక్ష్మ సంస్థలకు ఆ సర్టిఫికేట్ ఖర్చులో 80 శాతం, చిన్నవాటికి 60 శాతం రాయితీని కేంద్రం 2022లో ప్రకటించింది. మంచిదే. కానీ అది సర్టిఫికేట్ ఖర్చు, ఆ మొదటి సీజన్ నష్టం యజమాని నెత్తినే. నన్నడిగితే చేయూత ఇవ్వాల్సింది అక్కడ.

మొన్న వెళ్లినప్పుడు చూశాను, ఆయన పాత డ్రమ్ము పెరట్లో తుప్పు పట్టి ఉంది. కాల్చిన పప్పు రుచే వేరంటూ అడిగే బేరగాళ్లు ఇంకా వస్తున్నారట. "మరి మళ్లీ వెలిగిస్తారా?" అన్నాను. ఆయన నవ్వి, తొక్కల రేటు కనుక్కోవడానికి ఎవరికో ఫోన్ కలిపారు.