పెద్ద ల్యాంపు అమ్మా, నాన్నా?

అందరికీ నమస్తే. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతుందా? సరే. యానిమేషన్ షార్ట్ ఫిల్మ్స్ గురించి ఒక అరగంట మాట్లాడమని పిలిచారు, నేనేమో ఆ అరగంటలో నాలుగు సినిమాలు వేసేయొచ్చు కదండీ నా ఉపన్యాసం ఎందుకు అన్నా. ఒప్పుకోలేదు. చివర్లో ఒకటి వేస్తాం అన్నారు, కాబట్టి అప్పటిదాకా నన్ను భరించాలి మీరు.

ముందు చిన్న లెక్క. తెర మీద సెకనుకి 24 ఫ్రేములు, అంటే ఆగి ఉన్న ఫోటోల్లాంటివి, పోతాయి. చేత్తో గీసే యానిమేషన్‌లో చాలావరకు ఒక్కో బొమ్మని రెండు ఫ్రేముల పాటు ఉంచుతాం, అంటే సెకనుకి 12 బొమ్మలు, నిమిషానికి 720. కెమెరాతో తీసేవాళ్ళకి గోడ మీద బల్లి, వెనకాల నడిచెళ్ళే మనిషి, గాలికి ఊగే కర్టెన్ ఇవన్నీ ఊరికే వచ్చేస్తాయి, మాకు ఏదీ ఊరికే రాదు, కర్టెన్ ఊగాలంటే ఎవరో ఒకరు కూర్చుని ఆ మడతలన్నీ గియ్యాల్సిందే. అందుకే ఇది కథకి నిజంగా కావాలా అని బుర్ర అడక్కపోయినా చెయ్యి అడుగుతుంది. నొప్పి దానికే కదా.

1908లో ఎమిల్ కోల్ అనే ఫ్రెంచాయన దాదాపు 700 బొమ్మలు గీసి ఫాంటస్మగోరీ అని తీశాడు, రెండు నిమిషాలు కూడా ఉండదు. కథ అంటూ ఏం లేదు, గీతలు ఒకదాంట్లోంచి ఇంకోటిగా మారిపోతుంటాయి అంతే. చరిత్ర కోసం చూశా గానీ ఇష్టపడి చూశా అని అబద్ధం చెప్పను. షార్ట్ అంటే ఎంత అని అడుగుతారు కొందరు, ఆస్కార్ వాళ్ళ రూల్ ప్రకారం టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల్లోపు. నన్నడిగితే అది చాలా ఎక్కువ.

ఇప్పుడు ల్యాంపుల సంగతి. 1986, కంప్యూటర్‌తో యానిమేషన్ చేసే పిక్సార్ విడిగా కంపెనీ అయిన ఏడాదే, జాన్ లాసెటర్ లక్సో జూనియర్ అని రెండు నిమిషాల సినిమా చేశాడు. రెండు టేబుల్ ల్యాంపులు, ఒక బంతి. మొహాల్లేవు, కళ్ళు లేవు, మాట లేదు. పిల్ల ల్యాంపు బంతి మీదెక్కి గెంతుతుంది, గెంతుతుంది, గాలి పోయి బంతి అప్పడంలా అయిపోతుంది. అప్పుడది తల దించేస్తుంది చూడండి... ఇనప కడ్డీ, పైన ఒక డిప్ప, అంతే ఉంది దాని దగ్గర, ఆ డిప్ప ఎంత వంగింది, వంగేముందు ఎంతసేపు ఆగింది, సిగ్గుపడడం మొత్తం ఆ ఆగడంలోనే ఉంది. దాన్ని సిగ్గ్రాఫ్ అనే గ్రాఫిక్స్ కాన్ఫరెన్స్‌లో వేశాక జిమ్ బ్లిన్ అని ఆ రంగంలో పెద్దాయన లాసెటర్ దగ్గరికి వచ్చాడట, నీడలు ఎలా లెక్కేశావు, ఏ అల్గారిదమ్ అని అడుగుతాడు కాబోలు, దొరికిపోయాం అనుకున్నాడట ఈయన. ఆయన అడిగింది వేరే. ఆ పెద్ద ల్యాంపు అమ్మా, నాన్నా అని!

ఇది తెలిసి కూడా నేను చేసిన పని చెప్తా. నా మొదటి షార్ట్ ఫిల్మ్ ఏడు నిమిషాలు, ఒక పిల్లాడు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతుంటాడు, అందులో తుఫాను పెట్టా, ఫ్లాష్‌బ్యాక్ పెట్టా, మాట్లాడే కాకిని పెట్టా, ఆ కాకి ఒక్కదానికే మూడు నెలలు పట్టింది. చూసినవాళ్ళు బాగుంది బాగుంది అని వాచీలు చూసుకున్నారు. ఒకావిడ మాత్రం వచ్చి, ఖాళీ గదిలో వాడు వెళ్ళేముందు లైటు స్విచ్ ఒకసారి వేసి ఆపాడు కదా, అక్కడ గొంతు పట్టేసింది బాబూ అంది. నాలుగు సెకన్లు అది, ఒక సీన్ నుంచి ఇంకో సీన్‌కి వెళ్ళడానికి దారి లేక పెట్టా! వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, తర్వాత కాకిని తీసేశా, తుఫాను తీసేశా, రెండు నిమిషాలు మిగిలింది, స్విచ్ దగ్గర మాత్రం ఇంకో రెండు సెకన్లు పెంచా.

యూరీ నోర్ష్టెయిన్ అనే రష్యా ఆయన 1975లో తీసిన హెడ్జ్‌హాగ్ ఇన్ ద ఫాగ్ పది నిమిషాలు. ముళ్ళపందికి బుల్లి తమ్ముడిలా ఉంటుంది ఆ జంతువు, ఎలుగుబంటి పిల్ల దగ్గరికి జామ్ మూట పట్టుకుని బయల్దేరుతుంది, పొగమంచులో తెల్ల గుర్రం కనిపిస్తుంది, ఆ మంచులో గుర్రం పడుకుంటే ఊపిరాడుతుందా అని డౌటొచ్చి లోపలికి దిగుతుంది, దారి తప్పుతుంది, చివరికి ఫ్రెండ్ దగ్గరికి చేరుతుంది. అంతే కథ! విలన్ లేడు. ఎలుగుబంటి పక్కన కూర్చుని గడగడా మాట్లాడుతుంటే ఇది మాత్రం గుర్రం ఎలా ఉందో అని ఆలోచిస్తుంటుంది. ఆ పొగమంచు ఎలా చేశారంటే బొమ్మ మీద బాగా పల్చటి కాగితం పెట్టి, ఫ్రేము ఫ్రేముకీ కాస్త కాస్త కెమెరా వైపు లేపుకుంటూ పోయారు. ఒక్క కాగితం! చివర్లో తెర మీద నీతి వాక్యం పడే షార్ట్ ఫిల్మ్ చూసినప్పుడల్లా నాకు ఈ గుర్రం గుర్తొస్తుంది.

సరే, ఇప్పుడు వేసేది ఫాదర్ అండ్ డాటర్, 2000లో వచ్చింది, మైకేల్ డూడోక్ డ విట్ తీశాడు, ఎనిమిది నిమిషాలు, ఆస్కార్ కూడా వచ్చింది. డైలాగ్ ఒక్కటి లేదు, మొహాలు కూడా సరిగా కనపడవు, అకార్డియన్ వినిపిస్తూ ఉంటుంది. నాన్న కూతురికి వీడ్కోలు చెప్పి పడవెక్కి వెళ్ళిపోతాడు, ఆ పిల్ల సైకిలేసుకుని మళ్ళీ మళ్ళీ ఆ గట్టు మీదికి వస్తుంటుంది, పెద్దదవుతుంది, ఫ్రెండ్స్‌తో వస్తుంది, పిల్లలతో వస్తుంది. నాన్న ఎక్కడికి వెళ్ళాడు, ఎందుకెళ్ళాడు అనేది సినిమాలో ఎక్కడా ఉండదు, చూశాక నన్ను అడక్కండి. ముసలిదయ్యాక సైకిల్ నిలబెట్టబోతుంది, పడిపోతుంది, మళ్ళీ లేపుతుంది, మళ్ళీ పడిపోతుంది. అక్కడ మాత్రం ఫోన్లు చూడకండి దయచేసి. బాబూ, లైట్లు ఆపెయ్.