యూనివర్సిటీ మారిన క్వార్టర్‌బ్యాక్: జో బరో

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లోనో, లూసియానాలోని బాటన్ రూజ్‌లోనో చదువుకునే మన పిల్లలకు శరదృతువు శనివారాల సంగతి చెప్పనక్కర్లేదు. రోడ్లన్నీ స్టేడియం వైపే. ఆ రెండు ఊళ్ల యూనివర్సిటీ స్టేడియాల్లోనూ లక్ష మందికి పైగా పడతారు. ఆడేది డిగ్రీ చదివే కుర్రాళ్లు. ఆట మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే తోలు బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుంటూ, పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. ఈ రెండు ఊళ్లనూ కలిపిన ఆటగాడు జో బరో. మొదటి ఊళ్లో మూడేళ్లు బెంచీ మీద కూర్చుని, రెండో ఊళ్లో రెండేళ్లు ఆడి, కళాశాల ఫుట్‌బాల్‌లో అతి పెద్ద బహుమతి అయిన హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నాడు. యూనివర్సిటీ మారితే బతుకు మారిపోతుందని ఇవాళ అక్కడి ప్రతి కుర్రాడూ ఇతన్నే ఉదాహరణగా చెబుతాడు. కానీ ఆ ఉదాహరణలో మొదటి ఏడాదిని అందరూ ఎగరగొట్టేస్తారు. అసలు విషయమంతా అక్కడే ఉంది.

ముందు ఆట గురించి రెండు మాటలు. మైదానం పొడవు 100 గజాలు. ఒక్కో జట్టులో 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు అవకాశాలు వస్తాయి. పోలేకపోతే బంతి అవతలి వాళ్లది. దాదాపు ప్రతి అవకాశంలోనూ బంతి ముందు అందేది క్వార్టర్‌బ్యాక్ చేతికి. విసరాలా, పక్కవాడికి ఇచ్చి పరుగెత్తించాలా, తనే పరుగెత్తాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఎదురుగా నూట ముప్పై కిలోల మనుషులు మీదికి వస్తుంటారు.

మిగతా స్థానాల్లో ఆటగాళ్లను మార్చి మార్చి దింపుతారు, అందరికీ కొంత ఆట దొరుకుతుంది. క్వార్టర్‌బ్యాక్ విషయంలో అది కుదరదు. క్రికెట్ జట్టులో రెండో వికెట్ కీపర్ పరిస్థితే ఇక్కడా: మొదటివాడికి దెబ్బ తగిలితే తప్ప గ్లవ్స్ తొడిగే పని ఉండదు. పెద్ద యూనివర్సిటీల్లో ఇలాంటివాళ్లు ముగ్గురు నలుగురు ఉంటారు. హైస్కూల్లో అందరూ హీరోలే.

బరో కూడా అంతే. ఒహాయోలోని అథెన్స్ అనే చిన్న ఊరు. తండ్రి జిమ్మీ బరో ఆ ఊళ్లోనే ఉన్న ఒహాయో యూనివర్సిటీ జట్టులో డిఫెన్స్ కోచ్. కొలంబస్‌లో ఉన్న ఒహాయో స్టేట్ వేరు, ఇది వేరు. పేర్లు దగ్గరగా ఉండి కొత్తవాళ్లు తికమకపడతారు. 2014లో జో తన హైస్కూలు జట్టును రాష్ట్ర ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. ఫైనల్లో 56-52తో ఓడిపోయారు గానీ, ఆ ఏడాది రాష్ట్రంలో ఉత్తమ ఆటగాడన్న బిరుదు అతనికే దక్కింది. 2015లో ఒహాయో స్టేట్‌లో చేరాడు.

ఇక్కడ నిబంధనల లెక్క ఒకటి అర్థం చేసుకోవాలి, కథంతా దాని మీదే నడుస్తుంది. అప్పట్లో కాలేజీ ఆటగాడికి ఐదేళ్ల గడువు ఇచ్చేవారు, అందులో నాలుగు సీజన్లు ఆడుకోవచ్చు. మొదటి ఏడాది అసలు మైదానంలోకి దిగకపోతే ఆ సీజన్ మిగిలేది. దీన్ని రెడ్‌షర్ట్ అంటారు. 2015లో బరో చేసింది అదే. అప్పటి నిబంధన ప్రకారం ఆ తర్వాత ఏ సీజన్లోనైనా ఒక్క నిమిషం ఆడినా ఆ సీజన్ మొత్తం ఖర్చయినట్టే. 2016లో, 2017లో జట్టు భారీ ఆధిక్యంలో ఉన్నప్పుడు చివర్లో దింపారు. అలా రెండు సీజన్లు కరిగిపోయాయి. మూడేళ్లలో అతను విసిరినవి మొత్తం 39 పాస్‌లు. అందులో 29 చేతికి అందాయి, రెండు టచ్‌డౌన్లు, అంటే బంతి అవతలి కొస గీత దాటినవి.

2017 ఆగస్టులో, సీజన్ మొదలయ్యే ముందు, ప్రాక్టీసులో అతని చేతి ఎముక విరిగింది. ఆ కొద్ది వారాల్లో రెండో స్థానం తోటి క్వార్టర్‌బ్యాక్ డ్వేన్ హాస్కిన్స్ చేతికి వెళ్లింది. ఆ నవంబరులో మిషిగన్‌తో మ్యాచ్‌లో మొదటి క్వార్టర్‌బ్యాక్ జె.టి. బారెట్ గాయపడితే హాస్కిన్స్ దిగి మ్యాచ్ గెలిపించాడు. 2018 వసంతకాలపు ప్రాక్టీసులో ఇద్దరి మధ్యా పోటీ పెట్టారు. తేలింది హాస్కిన్స్ వైపే.

బరోను వదులుకుని ఒహాయో స్టేట్ పొరపాటు చేసిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. 2018లో హాస్కిన్స్ 50 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు, హైస్‌మన్ ఓట్లలో మూడో స్థానంలో నిలిచాడు. ఇద్దరు మంచివాళ్లు, కుర్చీ ఒకటి. అంతే.

మరి బరో ఏం చేశాడు? 2018 మేలో, మూడేళ్లకే, డిగ్రీ పూర్తి చేశాడు. అందరూ చూసీచూడనట్టు వదిలేసే వివరం ఇదే. అప్పటికి ఉన్న నియమం ప్రకారం పెద్ద జట్ల స్థాయిలో యూనివర్సిటీ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. డిగ్రీ చేతికొచ్చినవాడికి మాత్రం ఆ శిక్ష లేదు; పీజీలో చేరి అదే ఏడాది ఆడవచ్చు. సాధారణంగా నాలుగేళ్లు చదివి డిగ్రీ తెచ్చుకున్నవాడికి ఒక్క సీజనే మిగులుతుంది. మూడేళ్లలో ముగించాడు కాబట్టి బరోకు రెండు మిగిలాయి. సిన్సినాటి యూనివర్సిటీ కూడా పిలిచింది. అతను మాత్రం లూసియానా స్టేట్‌ను, అంటే ఎల్‌ఎస్‌యూను ఎంచుకున్నాడు. బంతిని పరుగుతో ముందుకు తోయడానికి పేరుపడ్డ జట్టు అది. పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్‌లు అక్కడ వాడిపోతారని చెప్పుకునేవారు. కానీ కుదురుకున్న క్వార్టర్‌బ్యాక్ అంటూ ఎవరూ లేరు. అతను వచ్చిన ఆ వేసవిలోనే, ఆగస్టులో, అక్కడ పోటీలో ఉన్న మరో ఇద్దరు సర్దుకుని వెళ్లిపోయారు. ఒకరి రాకతో ఇంకొకరి పోక. ఈ గొలుసు అక్కడ ఏటా నడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఆ మొదటి ఏడాది. ఆటగాడు గొప్పవాడే, జట్టు మంచిదే. అయినా 2018లో అతను విసిరిన ప్రతి వంద పాస్‌లలో 58 కూడా చేరలేదు. మొదటి మ్యాచ్‌లో మయామీ మీద గెలిచారు, కానీ 24 పాస్‌లలో 11 మాత్రమే అందాయి. నవంబరులో సొంత మైదానంలో అలబామా చేతిలో 29-0తో ఓడిపోయారు. ఒక్క పాయింటు లేదు.

ఎందుకలా? వేసవిలో వచ్చినవాడికి వసంతకాలపు ప్రాక్టీసులు పోతాయి. నిబంధనల ప్రకారం ఆ ప్రాక్టీసులు 15. కొత్త రిసీవర్లతో, అంటే పాస్‌లు పట్టేవాళ్లతో, లయ కుదిరేది అక్కడే. పాస్ ఎలా విసురుతారో చూస్తే ఇది తెలుస్తుంది. రిసీవర్ 12 గజాలు నేరుగా పరుగెత్తి, ఒక్కసారిగా పక్కకు తిరుగుతాడనుకోండి. అతను తిరిగాక బంతి విసిరితే ఆలస్యమైపోయినట్టే. కాపలావాడు మధ్యలోకి వచ్చేస్తాడు. అతను ఇంకా వీపు చూపిస్తూ పరుగెడుతుండగానే బంతి చెయ్యి దాటాలి. తిరిగేసరికి బంతి అతని ఛాతీ ముందు ఉండాలి. ఈ రిసీవర్ ఏడో అడుగులో తిరుగుతాడా, ఎనిమిదో అడుగులోనా, తిరిగేముందు కాస్త నెమ్మదిస్తాడా అన్నది పుస్తకంలో ఉండదు, వందలసార్లు కలిసి ఆడితే గానీ తెలియదు. దానికి తోడు ప్లేబుక్ భాష, అంటే జట్టు ఎత్తుల పుస్తకంలోని భాష. ఒకే ఎత్తుకు ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో పేరు. లక్షమంది అరుపుల మధ్య పక్కనుంచి కోచ్‌లు చేతి సంజ్ఞలతో చెప్పేది చూసి, మనసులో పాత పేరులోకి మార్చుకుని, మళ్లీ కొత్త పేరుతో జట్టుకు చెప్పేసరికి గడియారం అయిపోతుంది. 2018లో కాలేజీ ఆటలో కోచ్ మాట వినిపించే రేడియో కూడా హెల్మెట్‌లో లేదు.

ఆ సీజన్ 2019 జనవరి 1న ఫియస్టా బౌల్ అనే మ్యాచ్‌తో ముగిసింది. మ్యాచ్ మొదట్లోనే బరో విసిరిన బంతిని ప్రత్యర్థి జట్టు యూసీఎఫ్ (సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ) ఆటగాడు పట్టేసి టచ్‌డౌన్ చేశాడు. ఆ పరుగులోనే అటునుంచి వచ్చిన మరొకడు బరోను గట్టిగా గుద్ది పడేశాడు. బరో లేచి, మొత్తం 394 గజాల పాస్‌లు విసిరి, నాలుగు టచ్‌డౌన్లు చేయించి గెలిపించాడు. ఈ ఒక్క మ్యాచ్‌ని చూసి తర్వాతి ఏడాదిని ఊహించినవాళ్లు తక్కువే.

2019కి వచ్చేసరికి రెండు మారాయి. వృత్తి జట్టు న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ నుంచి జో బ్రాడీ అనే కుర్ర కోచ్ వచ్చాడు. అక్కడి కోచ్ స్టీవ్ ఎన్స్‌మింగర్‌తో కలిసి పాత పద్ధతిని పక్కన పెట్టి, ఐదుగురు రిసీవర్లను మైదానం అంతా పరిచే పద్ధతి తెచ్చాడు. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడటానికి ఐదుగురు లైన్‌మెన్ మాత్రమే మిగులుతారు. అవతలివాళ్లు ఆరుగురిని పంపితే ఒకడికి అడ్డు ఉండదు. ఆ ఒకడు ఖాళీ చేసిన చోటికి వెంటనే బంతి విసరడం క్వార్టర్‌బ్యాక్ బాధ్యత. బంతి చేతికి రాకముందే ఎవడు వస్తాడో లెక్కపెట్టగలిగినవాడికే ఈ ఆట పనికొస్తుంది. కోచ్ ఇంట్లో పెరిగిన బరోకు సరిగ్గా అదే చేతనవును. ఇక రెండో మార్పు, రిసీవర్లతో పూర్తి వసంతకాలం దొరకడం. జమార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్ వంటివాళ్లతో.

సెప్టెంబరు 7న ఆస్టిన్‌లో టెక్సస్‌తో మ్యాచ్. రెండున్నర నిమిషాల ఆట మిగిలి ఉంది, ఎల్‌ఎస్‌యూ ఆరు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. మూడో అవకాశం, ఇంకా 17 గజాలు కావాలి. పాతకాలపు ఎల్‌ఎస్‌యూ అయితే మధ్యలోంచి పరుగు తీయించి, గడియారం తిప్పి, బంతిని దూరంగా తన్నేసేది. టెక్సస్ ఎక్కువమందిని మీదికి పంపింది. నడుమ గోడ కూలింది. బరో వెనక్కి పోలేదు. ముందుకు ఒక అడుగు, ఎడమకు రెండడుగులు జారి, కాళ్లు సరిగా కుదరకుండానే జెఫర్సన్‌కు విసిరాడు. 61 గజాల టచ్‌డౌన్. వెనక్కి జరిగి ఉంటే దొరికిపోయేవాడు, ఎందుకంటే పక్కలనుంచి వచ్చేవాళ్లు సరిగ్గా ఆ చోటికే చేరతారు. మ్యాచ్ 45-38తో గెలిచారు.

ఆ తర్వాత అంకెలు చాలు. కిందటేడు తమకు సున్నా చుట్టబెట్టిన అలబామా మీద, ఈసారి వాళ్ల మైదానంలోనే, 46-41. సెమీఫైనల్లో ఓక్లహోమా మీద మొదటి సగంలోనే ఏడు టచ్‌డౌన్ పాస్‌లు. 2020 జనవరి 13న న్యూ ఆర్లియన్స్‌లో ఫైనల్, క్లెమ్సన్ మీద 42-25. మొత్తం 15 మ్యాచ్‌లు, ఓటమి లేదు. పాస్‌లతో 5,671 గజాలు, 60 టచ్‌డౌన్ పాస్‌లు, ప్రత్యర్థి చేతికి చిక్కినవి ఆరు మాత్రమే. వందకు 76 పాస్‌లు చేరాయి. కొడుకు చివరి ఏడాది ఆట చూడాలని తండ్రి జిమ్మీ అప్పటికే కోచ్ పని మానుకున్నాడు.

2019 డిసెంబరులో హైస్‌మన్ ట్రోఫీ అందుకుంటూ అతను అథెన్స్ ప్రాంతపు పేదరికం గురించి, ఆకలితో ఇంటికి వెళ్లే పిల్లల గురించి మాట్లాడాడు. కొద్ది రోజుల్లోనే అక్కడి అన్నదాన కేంద్రానికి 5 లక్షల డాలర్ల కన్నా ఎక్కువ విరాళాలు వచ్చాయి. ఆ ఏడాది తుదిపోటీలో నిలిచిన నలుగురిలో ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు. ముగ్గురూ యూనివర్సిటీ మారినవాళ్లే. జేలెన్ హర్ట్స్ అలబామా నుంచి ఓక్లహోమాకు, అతనూ డిగ్రీ పూర్తిచేసుకునే వెళ్లాడు. జస్టిన్ ఫీల్డ్స్ జార్జియా నుంచి వచ్చింది, మరెక్కడికో కాదు, ఒహాయో స్టేట్‌కే. హాస్కిన్స్ ఒక్క ఏడాది ఆడి వృత్తి ఆటకు వెళ్లిపోతే ఆ కుర్చీ ఖాళీ అయింది. బరో ఇంకో ఏడాది ఓపిక పట్టి ఉంటే 2019లో అక్కడ ఒక్క సీజన్ దొరికేదేమో. మొదటి సీజన్ తడబడటానికే సరిపోతుందని ఎల్‌ఎస్‌యూలో చూశాం కదా.

ఇప్పుడు నిబంధనలు చాలా వదులయ్యాయి. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా, వచ్చింది; వేరే కోచ్‌తో మాట్లాడటానికి పాత యూనివర్సిటీ అనుమతి అక్కర్లేకపోయింది. 2021లో ఒకసారి మారినా కూర్చోనక్కర్లేదన్నారు, 2024లో ఎన్నిసార్లైనా సరేనన్నారు, చదువులో పాసైతే చాలు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు కూడా సంపాదించుకోవచ్చు. బరోకు ఆ వీలు లేదు.

అయినా రిసీవర్ ఎన్నో అడుగులో తిరుగుతాడో తెలుసుకోవడానికి పట్టే కాలం మాత్రం తగ్గలేదు. అందుకే ఇప్పుడు క్వార్టర్‌బ్యాక్‌లు జనవరిలోనే కొత్త చోట చేరి వసంతకాలపు ప్రాక్టీసులు అందుకోవాలని చూస్తారు. ఫలానావాడు ఫలానా యూనివర్సిటీకి మారాడని వార్త వస్తే, తెలిసినవాళ్లు ముందు అడిగేది అతనికి ఎంత డబ్బు ఇచ్చారని కాదు. ఎన్ని సీజన్లు మిగిలాయి, ఏ నెలలో చేరాడు, ముందు నిలబడే ఐదుగురు లైన్‌మెన్‌లో పాతవాళ్లు ఎంతమంది ఉన్నారు అని అడుగుతారు. 2019లో బరో ముందు నిలబడిన ఐదుగురికి ఆ ఏడాది దేశంలోనే ఉత్తమ లైన్ అని జో మూర్ అవార్డు వచ్చింది.

సెలవు. నమస్కారం.